మందు షాపుకి వెళ్ళే ముందు

కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల చెరువు గట్ల మీదే నా వయసంతా గడిచింది. ఇప్పుడు చెరువులు పిల్లలు చూసుకుంటున్నారు. సలహా కోసం ఎవరో ఒకరు ఇంటికి వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే మాట: "ఏం మందు వెయ్యమంటారు?" చేప తిన్నది అరుగుతోందా, పేగు ఎలా ఉంది అని మొదలుపెట్టేవాళ్ళు అరుదు. జబ్బు అనగానే మన చూపు పొలుసు మీదికి, మొప్ప మీదికి పోతుంది. పేగు లోపల ఉంటుంది కాబట్టి కనపడదు, కనపడదు కాబట్టి గుర్తుకు రాదు.

ఈ మధ్య "గట్ ప్రోబయోటిక్" అన్న మాట ప్రతి షాపులోనూ వినిపిస్తోంది. మాట మంచిదే. కానీ పేగులోని మంచి సూక్ష్మజీవులు డబ్బాలో వచ్చి చెరువులో స్థిరపడిపోవు. రోజూ మనం పెట్టే మేత, ఉంచే నీరు, చూపే ఓపిక వీటితోనే అవి నిలుస్తాయి. నాకు తెలిసింది వరసగా చెబుతాను.

1. కార్పు చేపకు జీర్ణాశయం లేదని ముందు గుర్తుపెట్టుకోండి.

శీలావతి, బొచ్చె, ఎర్ర మోసు, గడ్డి చేప, బంగారు తీగ. వీటిలో దేనికీ మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. గొంతు దాటితే నేరుగా పేగే. పేగు మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అంతే. అక్కడ ఆమ్లం ఊరదు. మనం తిన్నదానితో పాటు లోపలికి పోయిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లమే చంపేస్తుంది. కార్పుకు ఆ కాపలా లేదు. మేతలో ఏముంటే అది, నీళ్ళలో ఏముంటే అది, బతికుండగానే పేగులోకి దిగుతుంది. చేప జబ్బుల్లో మేతకీ నీటికీ ఇంత పెద్ద పాత్ర ఎందుకుందో ఈ ఒక్క సంగతిలోనే తెలుస్తుంది.

ఇంకొకటి. తిన్నది కాసేపు నిలవ ఉంచుకునే చోటు దానికి లేదు. అందుకే కార్పు రోజంతా కొద్దికొద్దిగా మేసే జీవి. పొద్దున్నే ఒక్కసారి దండిగా పెట్టి చేతులు దులుపుకుంటే, ముందు తిన్నది సగం అరక్కుండానే వెనక తిన్నది దాన్ని తోసేస్తుంది. ఆ అరగని మేత చెరువు అడుగున చేరి కుళ్ళుతుంది. అదే మొత్తాన్ని రెండు మూడు విడతలుగా పెడితే ఖర్చు పెరగదు, పేగు మాత్రం తేరుకుంటుంది. పంగాసియస్ సంగతి వేరు, దానికి జీర్ణాశయం ఉంది. రెండిటికీ ఒకే పద్ధతి పెట్టేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

2. పేగులో ఉన్నవన్నీ శత్రువులు కావు.

బ్యాక్టీరియా అనగానే చంపేయాలన్న ఆలోచన మనవాళ్ళలో బాగా నాటుకుపోయింది. మన గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకంలోని ఏళ్ళలో, వరి మళ్ళలో తిరిగే చిన్న చారల చేప ఒకటుంది, జీబ్రా ఫిష్ అంటారు. శాస్త్రవేత్తలకు అది ప్రయోగాల చేప. 2004లో అమెరికాలోని సెయింట్ లూయీలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ చేప పిల్లల్ని ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచి చూశారు. పేగు గోడలో కొత్త కణాలు పుట్టడం తగ్గింది. తిన్నదాన్ని వాడుకునే జన్యువులు, రోగాన్ని అడ్డుకునే జన్యువులు మామూలుగా పనిచేయలేదు. సూక్ష్మజీవులు లేని పేగు ఎదగని పేగని తేలింది.

మన చెరువుకి ఇంకా దగ్గరి సంగతి చెబుతాను. బి12 విటమిన్ మొక్కల్లో ఉండదు. తవుడులో లేదు, వేరుశనగ చెక్కలో లేదు, సోయాలో లేదు. మరి వీటి మీదే పెరిగే చేపకు అది ఎక్కడినుంచి వస్తోంది? బంగారు తీగ, తిలాపియా లాంటి చేపల పేగులో సీటోబ్యాక్టీరియం సోమెరే అనే బ్యాక్టీరియా ఉంటుంది, బి12ని అదే తయారుచేసి పెడుతుంది. జపాన్ పరిశోధకులు దీని మీద ఎంతో పనిచేశారు. బంగారు తీగ మేతలో బి12 విడిగా కలపకపోయినా నడిచేది ఇందువల్లే. అడక్కుండానే పనిచేసే ఇలాంటి కూలీల్ని మనమే మందుపెట్టి చంపుకుంటే ఎలా?

వీటి పని అక్కడితో అయిపోదు. మేతలోని పీచును, పిండిని విరిచే ఎంజైములు కొన్ని ఇవి అందిస్తాయి. పేగు గోడ మీది జిగురు పొరలో చోటు తీసుకుని, చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయి. నన్నడిగితే ఈ రెండో పనే రైతుకు ఎక్కువ ముఖ్యం. మనల్ని ఏడిపించే ఎర్రమచ్చలు, పొట్ట ఉబ్బు జబ్బుల వెనక ఎక్కువగా ఉండేది ఏరోమోనాస్ హైడ్రోఫిలా. అది బయటినుంచి దండెత్తి వచ్చేది కాదు. ప్రతి చెరువు నీళ్ళలో ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనూ కొద్దిగా ఉంటుంది. చేప బలహీనపడి, పేగులోని మంచి సూక్ష్మజీవులు తగ్గినప్పుడు అది పెరుగుతుంది.

3. చేపను కోసి చూడటం నేర్చుకోండి.

శాంపుల్ వల వేసినప్పుడు తూకం చూసి వదిలేయకండి. రెండు మూడు చేపల్ని గట్టు మీదే కోసి చూడండి. పదునైన కత్తెర, ఒక తెల్ల ప్లాస్టిక్ ట్రే, ఒక బకెట్ శుభ్రమైన నీళ్ళు చాలు. చచ్చి తేలిన చేపను కోసి లాభం లేదు. మన ఎండకి గంటలోనే లోపలంతా మెత్తబడిపోతుంది. బతికున్నది కావాలి, అది కూడా మేత మొదలుపెట్టిన రెండు గంటల తర్వాత పట్టింది.

మలద్వారం దగ్గర కత్తెర మొన పెట్టి, లోపలి భాగాలకు తగలకుండా పైపైన మొప్పల వరకు కోయండి. పక్క కండ ఎత్తితే శీలావతిలో మొదట కనిపించేది చుట్టలు చుట్టలుగా ఉన్న పేగు. విప్పి ట్రేలో పరిస్తే చేప పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మొదటిసారి చూసిన కుర్రాళ్ళు ఒకే చేపలోది కాదనుకుంటారు. బాగున్న పేగు ముదురు ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో నిండుగా ఉంటుంది, వేలితో పట్టుకుంటే గోడకు బిగువు తెలుస్తుంది. నిలువునా చీల్చి నీళ్ళలో ముంచితే లోపలి మడతలు సన్నటి దువ్వెన పళ్ళలా లేచి నిలబడతాయి.

జబ్బు పేగు వేరు. గోడ పలచబడి లోపలున్నది బయటికి కనిపిస్తుంది. మేతకు బదులు పసుపుపచ్చ నీరు, జిగురు ఉంటాయి. అక్కడక్కడ సన్నటి ఎర్ర గీతలు తేలతాయి. చీలిస్తే మడతలు నున్నగా చదునైపోయి కనిపిస్తాయి. పిత్తాశయాన్ని కూడా చూడండి. అది బాగా ఉబ్బి ముదురు రంగులో ఉంటే ఆ చేప కొన్నాళ్ళుగా తినడం లేదన్నమాట. తింటేనే పైత్యరసం పేగులోకి దిగుతుంది, తినకపోతే అక్కడే నిలిచిపోతుంది. మేత సంచులు ఖాళీ అవుతున్నాయి కదా అని మీరు ధీమాగా ఉన్నా, చెరువులో కొన్ని చేపలు పస్తుంటున్న సంగతి ఇది చెప్పేస్తుంది.

చూసింది నోటుబుక్కులో రాసి, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నెలనెలా పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ల్యాబ్ రిపోర్టూ చెప్పని విషయాలు తెలుస్తాయి.

4. మేత సంచిలోకి వెళ్ళే ముందే చూడాలి.

మన ప్రాంతంలో మేత అంటే ఇప్పటికీ ఎక్కువగా నూనె తీసిన తవుడు, చెక్కలు. అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి వెదురు గడలకు కట్టడం మనవాళ్ళు కనిపెట్టిన మంచి పద్ధతి. మేత నీళ్ళపాలు కాకుండా చేప చిల్లుకు నోరు పెట్టి పీల్చుకుంటుంది. కానీ సంచిలో మిగిలిన తవుడు నీళ్ళలోనే నాని సాయంత్రానికి పులిసిపోతుంది. దాని మీదే మర్నాడు కొత్త తవుడు పోసే అలవాటు చాలా చెరువుల్లో చూస్తున్నాను. మొదటి పాఠంలో చెప్పిన మాట గుర్తుంటే, ఆ పులిసిన ముద్దలోని సూక్ష్మజీవులన్నీ ఎక్కడికి పోతాయో మీకే తెలుస్తుంది. సంచులు దులిపి, కడిగి, ఎండలో ఆరేయండి. రెండు జతలుంటే ఒకటి చెరువులో, ఒకటి గట్టు మీద ఎండలో.

వర్షాకాలంలో నిలవ చేసిన చెక్కల్లో బూజు పడుతుంది. వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న వీటిలో పెరిగే ఆస్పర్జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఎండబెట్టినా ఉడకబెట్టినా ఆ విషం పోదు. కాలేయాన్నీ పేగునూ రెండింటినీ దెబ్బతీస్తుంది. మూటలు నేల మీద, గోడకు ఆనించి వేయకండి, చెక్కబల్లల మీద వేయండి. ముక్క వాసన వచ్చిన బస్తా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

కోళ్ళ వ్యర్థాల సంగతి సూటిగా చెబుతాను. రాత్రిళ్ళు డ్రమ్ముల్లో తెచ్చి పంగాసియస్ చెరువుల్లో పోస్తున్నారు. అది నిషిద్ధం. కుళ్ళిన పేగులు, వాటిలోని సాల్మొనెల్లా, కోళ్ళకు వాడిన మందుల అవశేషాలు అన్నీ చేపలోకి, నీళ్ళలోకి వస్తాయి. ఆ నీళ్ళు కాలవలో కలిసి పక్కవాడి చెరువుకు చేరతాయి. ఈ పని చేసేవాళ్ళను గట్టు మీదికి రానివ్వకూడదు, సొంత తమ్ముడైనా సరే.

5. ఆకలి తగ్గితే ముందు నీళ్ళు చూడండి.

కిందటి శ్రావణంలో పక్క ఊరి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "బాబాయ్, రెండు రోజుల నుంచి సంచుల్లో మేత మిగిలిపోతోందండి. షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు. కలిపేయమంటారా?"

"తెల్లారుజామున ఆక్సిజన్ చూశావా నాయనా?"

"లేదండి. మబ్బుగా ఉందని గట్టు మీదికే వెళ్ళలేదు."

మర్నాడు తెల్లవారక ముందే మీటరు పట్టుకుని వెళ్ళి చూస్తే లీటరుకు రెండు మిల్లీగ్రాములు కూడా లేదు. మేత ఆపించి, ఇంజను పెట్టి కాలవ నీళ్ళు ఎక్కించమన్నాను. ఆక్సిజన్ అయిదుకు చేరాక చేప తానే సంచి దగ్గరికి వచ్చింది. ఆ యాంటీబయాటిక్ పొట్లం షాపులో తిరిగి ఇచ్చేశాడు.

మబ్బు పట్టినప్పుడు నీటి మొక్కలు ఆక్సిజన్ తక్కువగా తయారుచేస్తాయి, రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. ఆక్సిజన్ పడిపోతే చేపకు తిన్నది అరగదు. ఒత్తిడిలో ఒంట్లో ఊరే కార్టిసాల్ పేగు జిగురు పొరను పలచన చేస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అడుగున మేసే ఎర్ర మోసుకు ఈ కష్టం అందరికన్నా ముందు వస్తుంది. చెరువు అడుగున నల్లటి కుళ్ళు బురద ఉంటే ఇంకా ముందే వస్తుంది. అందుకే పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, నెర్రెలు విచ్చేదాకా ఆగి, సున్నం చల్లడాన్ని మించిన పేగు మందు నాకు తెలియదు. కౌలు వృథా అవుతోందని ఒక నెల రోజులు కూడా ఆగకుండా నీళ్ళు పెట్టేవాళ్ళు తర్వాత ఏడాదంతా మందులకు ఖర్చుపెడుతున్నారు.

చలికాలంలో మేత తగ్గించండి. డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్ళు చల్లబడితే కార్పు అరుగుదల మందగిస్తుంది. వేసవి లెక్కతో మేత పెడితే అది పేగులోనే ఉండిపోతుంది.

6. పిల్ల దగ్గరే సగం పని అయిపోతుంది.

చేప పిల్లకు గుడ్డులోంచి వచ్చిన కొద్ది రోజుల్లో నోరు తెరుచుకుంటుంది. ఆ మొదటి గుటకతోనే నీళ్ళలోని సూక్ష్మజీవులు పేగులో కాపురం పెడతాయి. నార్వేలో సముద్రపు చేప పిల్లలతో చేసిన పరిశోధనల్లో ఒక సంగతి తేలింది. నీళ్ళను పూర్తిగా శుద్ధి చేసి వెంటనే వాడితే, ఖాళీగా ఉన్న ఆ నీళ్ళలో వేగంగా పెరిగే చెడ్డ బ్యాక్టీరియా ముందు చేరుతుంది. అదే నీళ్ళను కొన్నాళ్ళు నిలకడగా ఉంచి, నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవులను స్థిరపడనిస్తే పిల్లలు బాగా బతికాయి. మన నారు చెరువులకూ ఇదే వర్తిస్తుంది. బ్లీచింగ్ చల్లి, రెండో రోజే పిల్ల వదలడం తొందరపాటు. ఎరువు వేసి, నీళ్ళు పచ్చబడి, సన్న పురుగు పుట్టాక వదలండి.

7. యాంటీబయాటిక్ చివరి మాట, అది కూడా ల్యాబ్ చెప్పాకే.

మేతలో కలిపిన యాంటీబయాటిక్ చెడ్డదాన్నే ఏరి చంపదు. పేగులో దొరికిన ప్రతిదాన్నీ తగ్గిస్తుంది. నారు పీకేసిన మడిలో ముందు మొలిచేది కలుపే. కోర్సు అయ్యాక చోటు ఖాళీ అయిన పేగులోకి ముందు చేరేది, ఆ మందుకు లొంగని ఏరోమోనాసే కావచ్చు. మందు వేసిన రెండు మూడు వారాలకు జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని రైతులు చెబితే నాకు ఆశ్చర్యం అనిపించదు.

ఇందులో ఇంకో చిక్కుంది. జబ్బు పడిన చేప మేత ముట్టదు. మేతలో మందు కలిపితే తినేది బాగున్న చేప. మందు అవసరమైనదానికి అందదు, అవసరం లేనిదాని పేగును పాడుచేస్తుంది. జబ్బు ఇంకా కొన్నిటికే ఉన్నప్పుడు, చెరువు మొత్తం తింటున్నప్పుడే మందుకు కాస్త ఫలితం ఉంటుంది. ఆలస్యంగా వేస్తే డబ్బు నీళ్ళలో పోసినట్టే.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలో ఆక్వాలో నిషిద్ధం. లేబుల్ లేని పొట్లంలో "స్పెషల్ పౌడర్" అని ఇస్తే అందులో ఏముందో ఇచ్చినవాడికీ తెలియదు. మొప్ప, మూత్రపిండం నుంచి శాంపుల్ తీయించి, ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో పరీక్ష చేయించి, కాగితం చేతికొచ్చాకే ముందుకు వెళ్ళండి.

నార్వే సంగతి మనవాళ్ళు తెలుసుకోవాలి. 1987లో అక్కడ సాల్మన్ పెంపకంలో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్‌లు వాడారు. అప్పుడు వాళ్ళ ఉత్పత్తి ఇప్పటితో పోలిస్తే చాలా తక్కువ. ఈ రోజు పది లక్షల టన్నులకు మించి చేప తీస్తూ, యాంటీబయాటిక్ ఏడాదికి టన్ను లోపే వాడుతున్నారు. టీకాలు తెచ్చారు, వేర్వేరు వయసుల చేపను ఒకచోట కలపడం మానారు, పట్టుబడి తర్వాత ఆ చోటును కొంతకాలం ఖాళీగా వదలడం నియమం చేశారు. టీకాలు మన చేతిలో లేవు. మిగతా రెండూ ఈ రోజే మన చేతిలో ఉన్నాయి.

8. ప్రోబయోటిక్ కొంటే తెలిసి కొనండి.

నేను ప్రోబయోటిక్‌లకు వ్యతిరేకిని కాను. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి బాగా పనిచేయడం చూశాను. అవి గట్టి బీజాల రూపంలో ఉంటాయి కాబట్టి వేడినీ నిలవనూ తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్‌కు ఆ బీజం ఉండదు. మే నెల ఎండలో రేకుల షెడ్డులో పడున్న డబ్బాలో అది ఎంత బతికుంటుందో ఆలోచించండి. డబ్బా మీద బ్యాక్టీరియా పేరు, గ్రాముకు ఎన్ని సీఎఫ్‌యూ, తయారీ తేదీ ఈ మూడూ లేకపోతే వెనక్కి ఇచ్చేయండి.

తయారీ కూడా ముఖ్యమే. మేతకు బైండర్ పట్టించి, ప్రోబయోటిక్ కలిపి, నీడలో అరగంట ఆరనిచ్చి పెట్టండి. అయోడిన్, బీకేసీ, పర్మాంగనేట్ లాంటివి చెరువులో వేసిన రోజుల్లో ప్రోబయోటిక్ పెట్టకండి, ఒక చేత్తో పోసింది ఇంకో చేత్తో చంపుకున్నట్టవుతుంది. పెట్టడం ఆపితే ఇవి కొద్ది రోజుల్లో పేగులోంచి వెళ్ళిపోతాయి. కాబట్టి జబ్బు వచ్చాక ఒక్క వారం కాకుండా, వర్షాల ముందు, పిల్ల మార్చే ముందు, లోడు పెరిగిన రోజుల్లో పెట్టండి.

తవుడు, బెల్లం, యీస్ట్ కలిపి డ్రమ్ములో పులియబెట్టి చల్లేవాళ్ళు చాలామందే. శుభ్రంగా చేస్తే మేలే. మూత లేని డ్రమ్ము, కాలవ నీళ్ళు, వారం నిలవ ఉంటే మాత్రం అందులో పెరిగేది ఏమిటో ఎవరూ చెప్పలేరు. పుల్లటి వాసన రావాలి. కుళ్ళు వాసన వస్తే పారబోయండి.

9. రొయ్యకు ఇవన్నీ అలాగే అతికించకండి.

వనామీ పేగు చేప పేగు కాదు. వైట్ గట్ అనగానే ప్రోబయోటిక్ మోతాదు పెంచేస్తున్నారు. తెల్ల మలం వెనక విబ్రియో ఉండొచ్చు, ఈహెచ్‌పీ ఉండొచ్చు. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు, థాయ్‌లాండ్‌లో 2009లో గుర్తించిన సూక్ష్మ పరాన్నజీవి. దానికి ఇప్పటికీ మందు లేదు. పీసీఆర్ చేయించిన పిల్లనే వేయడం, చెరువు శుద్ధి, ఇవే దారి.

10. చేప మన చెరువు దాటి పోతుంది.

కొల్లేరు చేప ఐసు పెట్టెల్లో, లారీల్లో హౌరాకు, అస్సాంకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తుంది. 2018లో చేపకు ఫార్మాలిన్ కలుపుతున్నారన్న భయంతో అస్సాం మన చేపను కొంతకాలం ఆపేసింది. ఆ రోజుల్లో తప్పు చేయనివాడి చేప కూడా గట్టు మీదే ఉండిపోయింది. మందు అవశేషాల విషయంలో అలాంటి రోజు రాకూడదు. కాబట్టి ఒక్క పని చేయండి. మీ చెరువు నోటుబుక్కులో వేసిన ప్రతి మందు పేరు, మోతాదు, తేదీ రాయండి. షాపులో బిల్లు తీసుకుని అదే పుస్తకంలో అంటించండి. మందు వాడాక ఆగాల్సిన గడువు తీరేదాకా, ధర ఎంత బాగున్నా, పట్టుబడి పెట్టకండి.